పరుగులో వంశం వాటా ఎంత?

ట్రాటర్ గుర్రాల పందెంలో వేగం ఒక్కటే చాలదు, నడక తప్పకూడదు. ముందు ఎడమకాలూ వెనక కుడికాలూ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే నేల తాకాలి. వెంటనే రెండో జత. ఈ నడకే ట్రాట్. వెనక సల్కీ అనే తేలికపాటి రెండు చక్రాల బండి, అందులో పగ్గాలు పట్టిన డ్రైవరు. ఎంత ముందున్నా సరే, గుర్రం దౌడు అందుకుంటే అతడు పగ్గం బిగించి మళ్లీ ట్రాట్‌లోకి తేవాలి. ఈలోగా మిగతావి దాటిపోతాయి. ఈ నేర్పు పుట్టుకతో వస్తుందా, సాధనతోనా?

1849లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన హ్యాంబిల్టోనియన్ అనే మగ గుర్రాన్ని విలియం రిస్డిక్ అనే పాలేరు తల్లితో కలిపి 125 డాలర్లకు కొన్నాడు. పందేల్లో అది సాధించిందేమీ లేదు. పేరు తెచ్చింది 1,300కు పైబడిన దాని సంతానం. నేటి స్టాండర్డ్‌బ్రెడ్ అనే పందెపు గుర్రాల జాతి దాదాపు అంతా దాని వంశమే. 1879లో ఆ జాతికి ప్రమాణం ఏర్పరిచినప్పుడు, మైలును రెండున్నర నిమిషాల్లో పూర్తిచేయడాన్ని గీటురాయిగా పెట్టారు. తాను పరుగెత్తకపోయినా, పిల్లలు ఆ వేగం చూపిస్తే తండ్రికీ చోటు దక్కేది. పేరును కాక ఫలితాన్ని నమ్మడమే ఈ సంప్రదాయపు బలం.

విత్తును బట్టే చెట్టు అంటాం. ఎంతవరకు నిజమో చెప్పేది వారసత్వ గుణకం. ఒక మందలోని గుర్రాల మధ్య కనిపించే తేడాల్లో పుట్టుకతో వచ్చిన వాటా ఎంతో అది లెక్కగడుతుంది. ట్రాటర్ల వేగం విషయంలో చాలా అధ్యయనాలు దీన్ని 0.2 నుంచి 0.4 దాకా అంచనా వేశాయి. 0.25 అనుకుందాం. తల్లీ తండ్రీ కిలోమీటరుకు సగటు కన్నా 4 సెకన్లు ముందుంటే, పిల్లల నుంచి సగటున ఆశించదగ్గది 1 సెకనే. తక్కినది మేత, శిక్షణ, ట్రాక్, డ్రైవరు నేర్పు, ఆరోగ్యం.

అందుకే స్వీడన్ వంటి దేశాల్లో ఒక్క గుర్రం రికార్డు చూసి ఊరుకోరు. తోబుట్టువులు, సంతానం, బంధువులందరి ఫలితాలనూ కలిపి, వయసు, ఏడాది తేడాలను సరిచేసి, సగటు 100గా సూచిక కడతారు. అసలు పందెమే ఎక్కని పిల్లలనూ వదలరు. గెలిచినవాటినే లెక్కిస్తే ప్రతి తండ్రీ గొప్పవాడిగానే కనిపిస్తాడు.

2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పును గుర్తించింది. వెన్నుపాములో కాళ్ల కదలికను నడిపే నాడీకణాలపై దాని ప్రభావం ఉంటుంది. స్టాండర్డ్‌బ్రెడ్‌లలో దాదాపు అన్నిటికీ ఆ మార్పు ఉంది. దానివల్ల గుర్రం దౌడులోకి జారకుండా ఎక్కువ వేగంతో ట్రాట్ చేయగలదు. కానీ దాదాపు అన్నిటికీ ఉన్న ఆ మార్పు గెలుపు ఓటములను విడదీయలేదు. ఫ్రెంచ్ ట్రాటర్లలోనైతే ఆ జన్యువు మార్పులేని పాత రూపం ఇంకా మిగిలే ఉంది. అక్కడ రౌతు ఎక్కి సాగే ట్రాట్ పందేలూ ఉన్నాయి, వాటిలో ఆ రూపానికీ విలువ ఉంది.

గుర్రపు పిల్లను కొనేవారు తండ్రి పేరు దగ్గర ఆగకండి. దాని తోబుట్టువుల్లో ఎన్ని పందెం దాకా వచ్చాయో, ఎన్ని రాలేదో అడగండి. తర్వాత మంచి శిక్షకుణ్ణి వెతకండి. వంశం ఇచ్చేది కొంతే, మిగతాది పెంచేవారి చేతుల్లోనే ఉంది.