ఎండాకాలం గాలి, చలికాలం దీపం

సంక్రాంతి ముందు పదిహేను రోజులూ గ్రేటర్ నోయిడాలో పొద్దున్నే బండి తీసే చాలామందికి ఒకటే ఫిర్యాదు. తాళం తిప్పగానే మీటర్ల మధ్య పసుపు దీపం వెలుగుతుంది. టైరును అడ్డంగా కోసినట్టు ఒక బొమ్మ, అందులో ఆశ్చర్యార్థకం. ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని దానర్థం. మా సొసైటీలో కొత్త కారు వాళ్లు కంగారుపడి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు. పాత కాపులు "చలికి అలాగే వస్తుంది లెండి" అని తేల్చేసి బయల్దేరిపోతారు. చలికి వస్తుందన్నది నిజమే. వస్తుంది కాబట్టి వదిలేయొచ్చు అన్నదే నాకు మింగుడుపడదు.

నేను ఈ గాలి గోలలో పడింది మా బావగారి పికప్ బండి వల్ల. ఆయనది కడియం. సూరజ్‌పూర్ నుంచి కాస్నా పోయే దారిలో స్థలం అద్దెకు తీసుకుని నర్సరీ నడుపుతున్నారు. కడియపులంక నుంచి మొక్కలు లారీలో వస్తాయి, ఇక్కడి అపార్టుమెంట్లకు పికప్‌లో వెళ్తాయి. బండికి తొమ్మిదేళ్లు. డీజిల్ బండికి ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో పదేళ్లే ఆయుష్షని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గీత గీసింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025 ఆగస్టులో అదే కోర్టు యజమానుల మీద కఠిన చర్యలు వద్దన్నాక కాస్త ఊపిరాడినా, ఎప్పుడు ఏ ఉత్తర్వు వస్తుందో ఎవరికీ నమ్మకం లేదు. అలాంటి బండికి కొత్త టైర్లంటే ఎవరికైనా చెయ్యి వెనక్కి లాగుతుంది. అందుకే ఉన్న టైర్లను కాపాడుకోవాలి కదా అని నేనంటాను. అందుకే వాటి గురించి పట్టించుకోవడం దండగని ఆయనంటారు.

బండిలో ఉన్నది కంపెనీ బిగించిన దీపం కాదు. మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టిన సెట్టు. నాలుగు వాల్వులకూ మూతల బదులు నాలుగు సెన్సార్లు, డ్యాష్‌బోర్డు మీద ఎండకు చార్జి అయ్యే చిన్న తెర, దాని మీద నాలుగు మూలలా నాలుగు అంకెలు. పెట్టిన హద్దు కన్నా ఏది తగ్గినా ఎర్రదీపం వెలిగి కీచుమంటుంది. హద్దు ఎంతన్నది మనమే పెట్టుకోవాలి. చిక్కంతా అక్కడే ఉంది. డిసెంబరు రాగానే అది రోజూ కీచుమనడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఆ గోల ఆగిపోయింది. గాలి కొట్టించారేమో అనుకుని చూస్తే, బావగారు కొట్టించింది గాలి కాదు, హద్దుని కిందకి దించేశారు. వెనక టైర్లయితే రిమ్ము నేలకు ఆనితే తప్ప మోగవు.

"టైర్లు బానే ఉన్నాయోయ్, దీనికే చాదస్తం ఎక్కువ" అన్నారు.

ఆయన్ని ఒక్కరినే అని లాభం లేదు. ఎండాకాలంలో గాలి రెండు మూడు పాయింట్లు (పీఎస్ఐ) తగ్గించి పెట్టించాలన్న నమ్మకం ఇక్కడి గాలి మిషన్ కుర్రాళ్లకూ ఉంది, మన రాజమండ్రిలోనూ ఉంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక అది ఇంకా గట్టిపడింది. 2012 ఆగస్టులో తెరిచిన ఈ సిమెంటు రోడ్డు పరీ చౌక్ దగ్గర మొదలై ఆగ్రా దాకా 165 కిలోమీటర్లు. టైరు పేలి బండి బోల్తా అన్న వార్త పేపర్లో ఏటా కనిపిస్తూనే ఉంటుంది. దానికి జనం చెప్పే కారణం: సిమెంటు కాగుతుంది, టైరులో గాలి ఉబ్బుతుంది, టైరు పేలుతుంది, కాబట్టి ముందే తక్కువ కొట్టించాలి. వినడానికి భలే సబబుగా ఉంటుంది.

జరిగేది మాత్రం తలకిందులు. పరుగులో టైరు వేడెక్కితే నాలుగైదు పాయింట్లు పెరగడం మామూలే. బండి తలుపు దగ్గర కంపెనీ అంటించిన స్టిక్కరు మీద చల్లటి టైరుకని రాసిన అంకెలో ఆ పెరుగుదలకు చోటు ఉంచే రాస్తారు. టైరు ఓర్చుకోగల ఒత్తిడి ముందు ఆ నాలుగైదు పాయింట్లు ఏ మూలకూ రావు. గాలి తక్కువైతే పక్క గోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతాయి. వంగిన కొద్దీ రబ్బరు లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి రబ్బరుకూ లోపలి తీగలకూ మధ్య అతుకు వదులుతుంది. వంద వేగం మీద, బరువు మీద, ఎడతెగకుండా పోతే ఇక ఆ టైరు సంగతి చెప్పక్కర్లేదు. సిమెంటు కన్నా టైరు తనకు తాను పుట్టించుకునే వేడే ప్రమాదం.

ఇప్పుడు చలి లెక్క చూడండి. కారు టైరులో 33 ఉండాలనుకుందాం. మే నెలలో 40 డిగ్రీల ఎండలో, కుర్రాడి సలహా మీద, 30 పెట్టించారు. ఒక్క బొట్టు గాలి కారకపోయినా, జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీల చలిలో ఆ టైరులో మిగిలేది దాదాపు 25. టైరు తనంతట తాను నెలకో పాయింటు అటూఇటుగా వదులుతుంది, అది వేరే. మే నెలలో చేసిన పని జనవరిలో దీపమై వెలిగిందన్నమాట. చలిని తిట్టుకుని ఏం లాభం?

ఆ 25 దగ్గరే దీపం వెలగడం వెనక పెద్ద కథే ఉంది. 2000 సంవత్సరంలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి బండ్లు బోల్తాపడుతున్నాయని బయటపడింది. మృతులు రెండొందలు దాటారు. కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ చాలాకాలం కొట్టుకున్నాయి. ఆ తగువులో ఒక ముక్క మాత్రం మా బావగారికి చదివి వినిపించాలనిపిస్తుంది: ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26, ఫైర్‌స్టోన్ ఉండాలన్నది 30. ఆ ఏడాదే చట్టం వచ్చింది. దాని కింద 2007 సెప్టెంబరు నాటికి అక్కడి కొత్త చిన్న బండ్లన్నిటికీ ఈ దీపం తప్పనిసరైంది. ఉండాల్సిన గాలిలో పాతిక శాతం తగ్గితే వెలగాలన్నది రూలు. అంటే 33 కి 25. యూరప్‌లో ఇరవై శాతమే. ఏదైనా, దీపం వెలగలేదంటే గాలి సరిగ్గా ఉందని కాదు. 28 తో తిరిగే బండిలో దీపం నోరు మెదపదు.

మన దేశంలో దీపానికి దొరికిన గౌరవం ఇంకో రకం. టైర్లు ట్యూబ్‌లెస్ అయి, రిపేరు కిట్టూ ఈ దీపమూ ఉన్న ప్రయాణికుల కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఆగ్రా దారిలో అర్ధరాత్రి ఆగిపోయినవాడికి ఆ మినహాయింపు ఎంత ఊరటో నేను ఊహించలేను.

కంపెనీ దీపాల్లోనూ రెండు జాతులున్నాయి. ఒకటి చక్రం లోపల కూర్చుని గాలిని నేరుగా కొలిచి రేడియోలో చెబుతుంది. దాని బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు, ఆపైన సెన్సారే మార్చాలి. పాత బండిలో దీపం నిమిషం పైగా మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగిందంటే చాలా బండ్లలో గాలి గొడవ కాదు, సెన్సారు గొడవ. రెండోది గాలిని కొలవనే కొలవదు. గాలి తగ్గిన చక్రం రవ్వంత చిన్నదై మిగతావాటి కన్నా వేగంగా తిరుగుతుంది, బ్రేకుల దగ్గరి సెన్సార్లు ఆ తేడా పసిగడతాయి. ఈ రకం బండిలో ఒక బటను ఉంటుంది: గాలి సరిచేశాక నొక్కితే, ఇదే సరైన గాలి అని బండి గుర్తుపెట్టుకుంటుంది. గాలి కొట్టించకుండా నొక్కినా అలాగే గుర్తుపెట్టుకుంటుంది. మా పార్కింగులో బటను నొక్కేసి పోయేవాళ్లకూ హద్దు దించిన మా బావగారికీ తేడా ఏమిటో నాకు తెలియదు.

గేజి కొనుక్కోండని అందరికీ చెబుతుంటాను. చల్లటి టైరునే కొలవాలి, షాపు దాకా వెళ్లేసరికి అది వేడెక్కుతుంది. అన్నట్టు నైట్రోజన్ కొట్టిస్తే ఈ బాధ లేదనేవాళ్లకు ఒక మాట: మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే, చలికి అదీ కుంచించుకుపోతుంది.

పికప్ వెనక ఎడమ టైరు అంకె మిగతావాటి కన్నా రోజూ ముందే జారుతోంది. అది చలి కాదు, కారుడు. షాపు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే ముందు సెన్సారు చూసి మొహం చిట్లించాడు. దొంగలు తీయకుండా అడుగున నట్టు ఉంటుంది, దానికో బుల్లి ప్లాస్టిక్ పానా. అది విప్పాక, వేలు నాలుకకు రాసి వాల్వు మూతి మీద పెట్టాడు. ఉమ్మి పలచగా పరుచుకుని, మధ్యలో ఒక బుడగ మెల్లగా ఉబ్బి చిట్లింది. మళ్లీ ఇంకోటి. లోపలి పిన్ను బిగించాడు, బుడగ రాలేదు. తర్వాత వాల్వును అటూఇటూ వంచి చూశాడు. దాని మొదలు దగ్గర సన్నటి పగులు. సెన్సారు బరువుకు రబ్బరు వాల్వు ఊగి ఊగి చీలిందన్నాడు. గాలిని కాపలా కాయమని పెట్టినదే గాలిని వదిలిస్తోందన్నమాట. లోహపు వాల్వు వేయించాం.

మా బావగారిని కదిలించింది ఈ లెక్కలూ కాదు, అమెరికా కథా కాదు. కడియం నుంచి మొక్కలు తెచ్చిన లారీ డ్రైవరు. లోడు దిగుతుంటే ఆయన రాడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ కొట్టి చూశాడు. వెనక జంట టైర్లలో లోపలిదాన్ని రాడ్డు దూర్చి మరీ కొట్టాడు. బావగారు మెచ్చుకోలుగా, "చూశావా, దీపాలూ గీపాలూ లేకుండానే" అన్నారు నాతో. డ్రైవరు జేబులోంచి గేజి తీశాడు. "మోతకి పూర్తిగా పడిపోయిన టైరే తెలుస్తుందండి. ఇరవై తగ్గినా మోత అంతేనండి. లోపలి టైరు తగ్గితే దాని బరువు కూడా పక్కదే మోస్తది, రెండూ కాలిపోతాయండి" అన్నాడు.

మర్నాడు పొద్దున బండి ఎక్కేసరికి వెనక టైర్ల హద్దు స్టిక్కరు మీది అంకె దగ్గరికి పెరిగింది. ముందు టైర్లది మాత్రం పాత చోటే ఉంది. అడిగితే, చలి పోయాక చూద్దాంలే అన్నారు.