కట్టని ఇంట్లో ఎండ

2017 చివర్లో అమరావతి అసెంబ్లీ సెంట్రల్ హాలు కోసం దర్శకుడు రాజమౌళి తన ఆలోచనను యానిమేషన్ వీడియోగా చూపించారు. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు మూలవిరాట్టును తాకినట్టే, ఇక్కడా ఎండ లోపలికొచ్చి తెలుగు తల్లి విగ్రహం మీద పడాలన్నది ఆ ఊహ. ప్లాను కాగితం చదవడం అందరికీ రాదు. వెలుగు కదులుతూ కనిపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. లేని భవనాన్ని ఇలా కళ్లకు కట్టే పనిలో ఆర్కిటెక్టులకు సినిమా, వీడియో గేమ్ రెండూ గురువులే. కాకపోతే రెండూ నేర్పిన పాఠం ఒకటి కాదు.

సినిమా నేర్పింది వెలుగునీ వస్తువునీ నమ్మించడం. 2012లో 'రెక్-ఇట్ రాల్ఫ్' కోసం డిస్నీ ఒక పద్ధతి తయారుచేసుకుంది. రంగు, గరుకుదనం, లోహమా కాదా వంటి కొద్దిపాటి కొలతలతో ఏ ఉపరితలాన్నైనా చూపించవచ్చు. మరుసటి ఏడాదికే అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్ (గేముల దృశ్యాలను గీసే సాఫ్ట్‌వేర్) దాన్ని అందిపుచ్చుకుంది. ఇవాళ ఆర్కిటెక్టు ఆఫీసులో 'రఫ్‌నెస్' (గరుకుదనం) స్లైడర్ జరుపుతుంటే ఆ మహిమ కనిపిస్తుంది. పాలిష్ పట్టిన గ్రానైట్‌లో కిటికీ అద్దంలోలా మెరుస్తుంది. స్లైడర్ కొంచెం పెంచితే కిటికీ అంచులు చెదురుతాయి. ఇంకా పెంచితే అది పలచటి తెల్లదనంగా నేలంతా పరుచుకుని, పాలిష్ లేని తాండూరు బండ అనిపిస్తుంది.

కానీ సినిమా పద్ధతికి ఓపిక కావాలి. నిమిషం వాక్‌త్రూ (భవనంలో నడుస్తూ చూసినట్టుండే వీడియో) అంటే సెకనుకు 24 చొప్పున 1,440 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు పది నిమిషాలు పట్టినా, ఒకే కంప్యూటర్ మీద పది రోజులు! ఆ తర్వాత "వంటగది గోడ రంగు మార్చండి" అంటే మళ్లీ మొదటికే.

గేమ్ అంత ఆగదు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 17 మిల్లీసెకన్లు కూడా దొరకవు. అందుకే మొదట్లో వెలుగునీడలను ముందే లెక్కగట్టి గోడలకు అద్దేవారు. 2015లో బెన్వా దెరో చేసిన పారిస్ అపార్ట్‌మెంట్ డెమో అలాంటిదే. నిజం ఇల్లే అనిపించింది, కానీ అందులో సూర్యుడు కదలడు. 2022లో వచ్చిన అన్‌రియల్ ఇంజిన్ 5లోని 'లూమెన్' అనే వెలుగు వ్యవస్థ ఆ కట్టు తెంచింది. గోడ జరిపితే వెలుగు అప్పటికప్పుడే దారి మార్చుకుంటుంది.

ఈ ఇంజిన్లు మళ్లీ సినిమాకూ చేరాయి. 'ది మాండలోరియన్' సిరీస్ సెట్టు వెనక ఎల్‌ఈడీ తెర మీద గేమ్ ఇంజిన్ దృశ్యాలు నడిచాయి. హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో అలాంటి వేదిక 2022లో వచ్చింది.

అయినా భవనాన్ని చూపించడంలో రెండింటికీ ఒక తేడా ఉంది. సినిమా కెమెరా దర్శకుడు చూపించదలచుకున్నదే చూపిస్తుంది. వెడల్పు లెన్సు పెడితే పది అడుగుల గది హాలులా కనిపిస్తుంది. పక్క బిల్డింగును మాయం చేసి సాయంత్రపు పసుపు వెలుగు చల్లితే ఏ బాల్కనీ అయినా అందమే. గేమ్‌లో తల తిప్పే హక్కు చూసేవాడిది. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని పడకగదిలోకి నడిచిన గృహిణికి బీరువా తలుపు మంచానికి తగులుతుందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. అసలైన మేలు ఇదే. ఇటుక పేర్చకముందే తప్పు దొరికితే, దిద్దడానికి సిమెంటు అక్కర్లేదు.

కాబట్టి ఫ్లాటు కొనేవాళ్లు బ్రోచర్ వీడియోతో సరిపెట్టుకోకుండా, పడమటి పడకగదిని మే నెల సాయంత్రం నాలుగింటికి చూపించమని అడగాలి. ఈ సాఫ్ట్‌వేర్లలో ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీ, గంట ఇస్తే సూర్యుడు సరైన చోట నిలుస్తాడు. మోడల్ సిద్ధంగా ఉంటే అది నిమిషాల్లో అయ్యే పని.