‘కేస్’: పెట్టె, వ్యాజ్యం, విభక్తి

ఇంగ్లీషు ‘కేస్’ తెలుగులో ‘కేసు’గా స్థిరపడి చాలాకాలమైంది. కోర్టులో నడిచేది కేసు, ఆసుపత్రికి వచ్చేది కేసు, సోడా సీసాలు వచ్చే పెట్టె కూడా కేసే. సామాన్య వ్యవహర్తకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఈ పదాన్ని తెలుగు చేయబూనిన శాస్త్ర గ్రంథాలలో ఉంది.

నిజానికి ఇంగ్లీషులోనే ఇది ఒక పదం కాదు. పెట్టె అనే అర్థంలోని ‘కేస్’ లాటిన్ ‘కాప్సా’ నుండి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. అచ్చు పరిభాషలోని ‘అప్పర్ కేస్’, ‘లోయర్ కేస్’ ఈ కుటుంబానికి చెందినవే. అవి కంపోజిటరు ముందు సీసపు అక్షరాలు పేర్చి ఉంచిన పైపెట్టె, కిందిపెట్టె. వ్యాజ్యం, రోగ సందర్భం, వ్యాకరణ విభక్తి అనే అర్థాలు గల ‘కేస్’ వేరు. దాని మూలం లాటిన్ ‘కాసుస్’, ధాత్వర్థం ‘పడుట’. గ్రీకు వైయాకరణులు ‘ప్టోసిస్’ అన్న దానికి ఇది అనువాదం. నామం తన నిటారు రూపం నుండి పక్కకు ఒరుగుతుందని వారి ఊహ. (వాలిన కనురెప్పకు నేత్రవైద్యంలో నేటికీ ఇదే పేరు.) సంస్కృత ‘విభక్తి’ వెనుక ఉన్న ఊహ ఒరగడం కాదు, విభజన. రెండు సంప్రదాయాలూ ఒకే భాషావిషయాన్ని రెండు వైపుల నుండి చూశాయి. ఒకదాని పేరును మరొకదానికి అతికించడంలోని చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పరిశోధన విధానంలో ‘కేస్ స్టడీ’కి ‘వ్యక్తి అధ్యయనం’ అనే అనువాదం ప్రచారంలో ఉంది. మనోవిజ్ఞానంలో అది కొంతవరకు చెల్లుతుంది. ఒక గ్రామాన్నో, ఒక సహకార సంఘాన్నో, ఒక పత్రికనో సమగ్రంగా పరిశీలించిన సిద్ధాంతవ్యాసానికి మాత్రం అది పొసగదు. అక్కడ ‘కేస్’ అంటే ఎల్లలు గీసుకొని లోతుగా చూడదగిన ఒక సందర్భం. వైద్యంలో దీనికి విపరీతమైన స్థితి కనిపిస్తుంది. 2020లో దినపత్రికలు ‘కొత్త కేసులు’ అన్నచోట ‘కొత్త రోగులు’ అనడం కుదరలేదు. లక్షణాలు లేకుండా పరీక్షలో తేలినవారిని రోగులనడం కష్టం. అయితే పోలీసు వార్తలలోని ‘కేసు నమోదు’ అనే పదబంధమే వ్యాధికీ వచ్చి చేరడంతో, జబ్బుపడినవారిపై తెలియకుండానే నేరచ్ఛాయ పడింది. ఇది గమనించవలసిన విషయం.

వ్యాకరణంలో జరిగిన పొరపాటు ఇంతకంటె లోతైనది. 1968లో ఛార్లెస్ ఫిల్మోర్ ప్రకటించిన ‘ది కేస్ ఫర్ కేస్’ వ్యాసం శీర్షికలోనే ఈ పదం రెండర్థాలలో ఉంది: మొదటిది వాదం, రెండవది వ్యాకరణ భావన. ఆ రెండవది కూడా ప్రత్యయరూపం కాదు. క్రియకూ నామానికీ నడుమ ఉండే అర్థసంబంధం. కనుక ‘కేస్ గ్రామర్’ను ‘విభక్తి వ్యాకరణం’ అనడం మూలానికి వ్యతిరేకం. ‘కారక వ్యాకరణం’ అనడం మేలు, అదీ పూర్తిగా సరిపోకపోయినా; పాణినీయ కారకం కేవలం అర్థమూ కాదు, కేవలం రూపమూ కాదు. ఈ భేదం ఎందుకో తెలుగు వాక్యాలే చెబుతాయి. ‘కత్తితో కోశాడు’, ‘తమ్ముడితో వచ్చాడు’, ‘కోపంతో లేచాడు’ అన్న మూడింటిలోనూ ప్రత్యయం ఒకటే, సంబంధాలు మూడు. రూపానికీ సంబంధానికీ ‘కేస్’ అనే ఒకే పేరుతో సరిపెట్టుకోవడం ఇంగ్లీషు అవసరం. విభక్తి, కారకం అని రెండు మాటలున్న తెలుగు ఆ లోటును అరువు తెచ్చుకోనక్కరలేదు.

‘డేటివ్’ విషయంలో గందరగోళం మరీ స్పష్టం. సంస్కృత క్రమాన్ని బట్టి దీనిని ‘చతుర్థి’ అని అనువదించే అలవాటుంది. తెలుగు బడి వ్యాకరణంలో చతుర్థికి ‘కొఱకు, కై’ ప్రత్యయాలు. ‘కి, కు’లు ‘యొక్క, లో, లోపల’లతో కలిసి షష్ఠిలో ఉన్నాయి. భాషాశాస్త్రజ్ఞులు ‘డేటివ్’ అనేది ఈ ‘కి, కు’లనే. ‘నాకు ఆకలి వేసింది’, ‘ఆమెకు లెక్కలు వచ్చు’ వంటి వాక్యాలలోని నామాన్ని ‘చతుర్థీ కర్త’ అని రాస్తే, సంప్రదాయ వ్యాకరణం చదివిన విద్యార్థి ఆ వాక్యంలో ‘కొఱకు’ కోసం వెదుకుతాడు. అది అతని అజ్ఞానం కాదు. ‘షష్ఠీ కర్త’ అంటే ‘యొక్క’ అడ్డు వస్తుంది. ఫిల్మోర్ తాను మొదట ‘డేటివ్’ అన్న సంబంధంలో కొంత భాగానికి తరువాత ‘ఎక్స్‌పీరియెన్సర్’ అని పేరు మార్చడం కూడా రూపం పేరు అర్థానికి చాలకపోవడం వల్లనే. తెలుగులో రూపాన్ని ప్రత్యయం పేరుతోనే ‘కు-విభక్తి’ అనీ, సంబంధాన్ని ‘అనుభోక్త’ అనీ వేరు చేస్తే, ‘ఊరికి వెళ్ళాడు’లోని ‘కి’ గమ్యమనీ, ‘నాకు ఆకలి వేసింది’లోని ‘కు’ అనుభవమనీ ఒకే విభక్తి కింద తగవు లేకుండా వివరించవచ్చు.