అక్కడ ఉండకూడని కణం

తల తెరిచి ఉండగానే ఆపరేషన్ థియేటర్ నుంచి మా పాథాలజీ ల్యాబ్‌కు చిన్న ముక్క వస్తుంది. అప్పటికప్పుడు దాన్ని గడ్డకట్టించి, పలచగా కోసి, రంగు వేసి చూస్తాం. లోపల సర్జన్ ఎదురు చూస్తుంటారు. ఫిట్స్‌తో వచ్చిన పసివాడు, స్కాన్‌లో నీటి సంచితో గడ్డ, స్లైడ్ మీద సన్నగా సాగిన కణాలు. ఇవన్నీ చూడగానే పిల్లల్లో తరచూ కనిపించే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా పేరే నోటికొస్తుంది. సరిగ్గా అప్పుడే నేను ఆగుతాను, అది ష్వానోమా కూడా కావచ్చు కనుక.

నరాలకు తొడుగు వేసేవి ష్వాన్ కణాలు. మెదడు లోపల ఆ పని వేరే కణాలది. అందుకే ష్వాన్ కణాల గడ్డ అయిన ష్వానోమా అంటే మనకు గుర్తొచ్చేది పెద్దవాళ్లలో చెవి నరం మీద పెరిగే గడ్డ. మెదడు కణజాలంలోనే అది పుట్టడం చాలా అరుదు. 1966లో అలాంటి గడ్డను ఆరేళ్ల బాలుడిలో వర్ణించారు. ఎలా పుడుతుందో ఇప్పటికీ తేలలేదు. పిండదశలో దారితప్పిన కణాలంటారు కొందరు. మెదడులోకి దిగే రక్తనాళాలను అల్లుకున్న సన్నని నరాల నుంచంటారు మరికొందరు. ఈ గడ్డలు ఎక్కువగా మెదడు పైపొర కిందో, జఠరికల పక్కనో ఉంటాయి కాబట్టి నాకు రెండో మాటే సబబనిపిస్తుంది.

స్లైడ్‌లో కేంద్రకాలు రెండు వరసలుగా నిలిచి, మధ్యలో గులాబీ రంగు ఖాళీ కనిపిస్తే గుర్తుపట్టడం సులువు. ఆ వరసలను 1910లో వర్ణించిన వెరోకే పేరుతోనే వెరోకే బాడీలని పిలుస్తాం. అన్ని గడ్డల్లోనూ అవి దొరకవు. ఎస్-100 స్టెయిన్ ష్వానోమా, ఆస్ట్రోసైటోమా రెండింటిలోనూ పట్టుకుంటుంది. గ్లియల్ కణాలకు గుర్తనుకునే జీఎఫ్ఏపీ కూడా కొన్ని ష్వానోమాల్లో పడుతుంది. అందుకే రెటిక్యులిన్ స్టెయిన్ వేయించకుండా నేను రిపోర్టు రాయను. ఒక్కో కణం చుట్టూ నల్లటి అల్లిక కనిపిస్తే అనుమానం చాలావరకు తీరుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, పాతబడిన ష్వానోమాలో కేంద్రకాలు వికారంగా ఉబ్బి, చూడగానే భయపెడతాయి. తొందరపడితే దాన్ని క్యాన్సర్ గడ్డ అనేస్తాం. ఆ మాటతో ఎదుగుతున్న మెదడుకు రేడియేషన్ మొదలవుతుంది. జ్ఞాపకశక్తి, చదువు, ఎదుగుదల అన్నిటి మీదా దాని దెబ్బ పడుతుంది. నిజానికి మామూలు ష్వానోమాను పూర్తిగా తీసేస్తే చాలు, తర్వాత స్కాన్‌లతో గమనించుకోవచ్చు.

థియేటర్‌కు ఫోన్ చేసినప్పుడు ‘సాగిన కణాల గడ్డ, పేరు తర్వాత చెబుతాను’ అంటే సర్జన్లు విసుక్కోరు. వాళ్లకు అప్పుడు కావలసింది ఎంతవరకు తీయవచ్చన్నదే. బయట కూర్చున్న అమ్మానాన్నలకు మాత్రం ‘రిపోర్టుకు ఇంకొన్ని రోజులు పడుతుంది’ అని ఎవరో ఒకరు దగ్గర కూర్చుని చెప్పాలి. ఆ మాట నర్సుకు వదిలేయకుండా మేమే వెళ్లి చెప్పాలని మా జూనియర్లను అడుగుతుంటాను.