ఎత్తు - ఎర - పండు: పాలమూరు తోటల్లో పండు ఈగల జాతివైవిధ్య గణనపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం:

పండు ఈగల జాతివైవిధ్యాన్ని సముద్రమట్టం నుండి ఎత్తు ఆధారంగా వివరించే పరిశోధనలు పలు దేశాల్లో జరిగాయి. టాంజానియాలోని మొరొగోరో ప్రాంతంలోనూ, రీయూనియన్ దీవిలోనూ ఎత్తు పెరిగేకొద్దీ తోటలో ప్రబలంగా ఉండే జాతి మారుతున్నట్లు తేలింది. ఆ పద్ధతిని ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు యథాతథంగా అన్వయించవచ్చునా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే అంశం.

2. ఎత్తుకు ఆపాదించే భేదం:

ఎత్తు ప్రధానంగా ఉష్ణోగ్రత ద్వారా పనిచేస్తుంది. వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. కృష్ణాతీరపు కొల్లాపూర్ మామిడి తోటలకూ, నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమికీ మధ్య ఎత్తులో తేడా కొన్ని వందల మీటర్లే. ఇంత కొద్ది భేదాన్ని పంట, ఋతువు, నీటివసతి సులువుగా కప్పివేయగలవు. ఇక్కడ వేసవిలో మామిడి, శరత్తులో బాలానగర్ సీతాఫలం, చలికాలంలో రేగు వరుసగా పండుతాయి. ఒక ఎత్తున మామిడిలో, మరొక ఎత్తున సీతాఫలంలో ఈగలను లెక్కించి, కనబడిన తేడాను ఎత్తుకే ఆపాదించడం హేతుబద్ధం కాదు.

3. ఎర చెప్పేది, చెప్పనిది:

మిథైల్ యూజినాల్‌కు పండు ఈగలు ఆకర్షితమవుతాయని బీహారులోని పూసాలో పనిచేసిన ఎఫ్.ఎం. హౌలెట్ 1915లో ప్రకటించారు. నేటికీ గణనకు అదే ప్రధాన ఎర. అయితే దానికి వచ్చేవి మగ ఈగలే. అవి కూడా బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్, జొనాటా, కరెక్టా వంటి కొన్ని జాతులవే. తీగజాతి కూరగాయలను ఆశించే ఈగకు క్యూల్యూర్ అనే వేరొక ఎర కావాలి. రేగుపండును తొలిచే కార్పోమియా వెసువియానా మిథైల్ యూజినాల్‌కు రాదు. కనుక బీడుభూముల్లో రేగు ఈగ ఎంత విస్తారంగా ఉన్నా లెక్కకు అందదు. బుట్టలో పడనిది తోటలో లేదనడం ఎంత పొరపాటో, బుట్టలో పడినదల్లా ఆ చెట్టు పండులోనే పుట్టిందనడమూ అంతే పొరపాటు.

4. ముగింపు:

ఈ చర్చ కేవలం శాస్త్రీయమైనది కాదు. పండు ఈగల కారణంగానే 2014లో యూరోపియన్ యూనియన్ భారతీయ మామిడి దిగుమతిని నిషేధించి, 2015లో సడలించింది. గణన తప్పితే నివారణ తప్పుతుంది. రేగు రైతు మామిడి ఎరకు సొమ్ము వెచ్చించవలసి వస్తుంది. అందువల్ల వేర్వేరు ఎత్తులలో ఒకే రకం పండ్లను ఏరి, ఇసుకపై ఉంచి, వెలువడిన ఆడ, మగ ఈగలన్నింటినీ మూడు ఋతువులలోనూ గుర్తించాలి. ఎర లెక్కకు పండు సాక్ష్యం తోడైనప్పుడే పాలమూరులో ఎత్తు పాత్ర ఎంతో తేలుతుంది.