రెండు చుట్టలు

ఈ వారము నాకు కోపము తెప్పించినది ఒక కాగితము. పెండ్లి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయించు ఆర్కెస్ట్రాలో గిటారు పట్టు మా మేనల్లుడు, ముహూర్తముల నడుమ దొరికిన ఒక్క తీరిక దినమున, భుజమున గిటారు సంచితోను చేత ఆ కాగితముతోను మా యింటికి వచ్చి, కాఫీ గ్లాసు అందుకొనక మునుపే దానిని నా ముందు పఱచెను. కాగితము నిండ పికప్పుల పేర్లు, పేర్ల కెదురుగా అంకెలు, అంకెలలో ఒకదాని చుట్టును ఎఱ్ఱ సిరాతో గీసిన సున్న.

"మావయ్యా, బ్రిడ్జికి ఈ జె.బి. పెట్టించేద్దామనుకుంటున్నా. పదహారు పాయింట్ నాలుగు కే! ఇప్పుడున్నది ఎనిమిదే. డబులు కదా!"

ఈ శీర్షికను విడువక చదువువారికి నా పిచ్చులు రెండును తెలియును. ఇంటికి ఎర్తింగు సరిగా లేనివాడు గిటారు రొదను గూర్చి ఫిర్యాదు చేయరాదనునది మొదటిది. స్క్రూడ్రైవరు తిప్పి చూడనిదే డబ్బు సంచి విప్పరాదనునది రెండవది. మొదటి దానిమీద నాకు వచ్చిన ఉత్తరములలో సగము ఎలక్ట్రీషియన్ల నుండియే వచ్చినవి గనుక దానినిప్పుడు కదలింపను. రెండవదానిని మాత్రము ఆ కాగితము చూచిన క్షణముననే పీటమీద కూర్చుండబెట్టి మేనల్లునికి పురాణము చెప్పితిని.

ఈ కిలో ఓముల లెక్క ధ్వనికి కొలమానము కానే కాదు. అది పికప్ చుట్టలోని తీగ యెంత పొడవున్నది, ఎంత సన్నమున్నది అని మాత్రమే చెప్పును. సన్నని తీగ చుట్టినచో చుట్ల సంఖ్య పెరుగకయే నిరోధము పెరుగును. లోపలి అయస్కాంతము ఆల్నికోలో రెండవ రకమో, ఐదవ రకమో, కాక సిరామిక్కో ఆ అంకె చెప్పజాలదు. పై మూత జర్మన్ సిల్వరో ఇత్తడియో చెప్పజాలదు, ఇత్తడియైనచో పైస్థాయి మెఱుపు కొంత చచ్చునన్న సంగతియు చెప్పజాలదు. ఆ అంకెను బట్టి పికప్ ఎన్నుకొనుట, టెంక తూకము చూచి నూజివీడు రసము తీపి నిర్ణయించుట వంటిది. పైగా రాగితీగ నిరోధము వేడితోపాటు పెరుగును గనుక, 20 డిగ్రీల చల్లని గదిలో 8 కిలో ఓములు చూపిన చుట్ట, మే నెల మధ్యాహ్నమున మన బెజవాడలో 40 డిగ్రీలయొద్ద సుమారు 8.6 చూపును, అంతమాత్రమున గిటారు ఎండకు బలిసినదని ఎవడును అనడు గదా!

వాడు తల ఊపెను. తల ఊపుటకును ఒప్పుకొనుటకును గల దూరము మేనల్లుళ్ళున్న వారికందఱకును తెలిసినదే.

పికప్ అనగా గిటారు తీగ క్రింద అయస్కాంతము, దానిచుట్టు రాగిచుట్ట. ఉక్కుతీగ కదలినపుడు చుట్టలో విద్యుత్తు పుట్టును. ఒంటిచుట్ట పికప్‌లో చిక్కేమనగా, అది తీగ పలుకుతోపాటు గోడలలోని కరెంటు గుయ్‌మను రొదను గూడ వినును. మన దేశమున ఆ కరెంటు సెకనుకు 50 మార్లు ఊగును, అమెరికాలో 60 మార్లు. ఈ చిక్కును విప్పుటకు, మిషిగన్ రాష్ట్రమున కలమజూ పట్టణమందలి గిబ్సన్ కర్మాగారములో పనిచేయుచుండిన సెత్ లవర్ అను ఇంజనీరు రెండు చుట్టలను ప్రక్కప్రక్కన పెట్టి, రెంటిలోను రొద ఎదురెదురుగా నడచునట్లు కలిపి, అయస్కాంత ధ్రువములను గూడ తారుమారు చేసెను. రొదకు అయస్కాంతముతో పని లేదు గనుక అది కావడి కుండల వలె ఇరువైపుల సమానముగా తూగి అణగిపోవును. తీగ పలుకు మాత్రము, వ్యాకరణమున రెండు నిషేధములు కలిసి విధి యైనట్లు, రెండు మార్లు తిరుగబడి ఒకే దిక్కునకు వచ్చి బలపడును. అదియే హంబకరు.

లవర్ 1955 జూన్‌లో పేటెంటునకు దరఖాస్తు పెట్టగా, అది మంజూరగునప్పటికి 1959 జులై వచ్చెను. ఈలోపల, 1957 మొదలుకొని, పికప్పుల అడుగున 'పేటెంటునకు దరఖాస్తు చేయబడినది' అను చీటీ అంటించుచుండిరి. ఆ ఆంగ్లపదముల మొదటి అక్షరములే నేడు గిటారు భక్తులు బీజాక్షరముల వలె జపించు పి.ఎ.ఎఫ్. తీరా పేటెంటు వచ్చిన పిదప చీటీమీద అచ్చువేసిన సంఖ్య ఈ పికప్పుది కాదు, గిటారు విద్వాంసుడు లెస్ పాల్ గారు తీగల కొసలు పట్టి యుంచుటకు కల్పించిన పట్టీది! సర్కారు కాగితములలో ఇంటి నంబరు తప్పుపడుట మనకే పరిమితమని ఇంతకాలము చింతించితిని.

మాటలు చాలించి స్క్రూడ్రైవరు తీసితిని. వాని గిటారులో బ్రిడ్జి పికప్ తీగలను ముట్టుటకు సిద్ధముగా నుండెను. చివరి మెట్టున తీగ నొక్కి పట్టి, క్రింద రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిపై నొకటి పెట్టినంత ఎడము వచ్చువరకు ఇరుప్రక్కల స్క్రూలు వదులు చేసితిని. పోల్చి చూచుటకని అటకమీది నుండి నా పాత గిటారును దింపితిని. దించుటతోనే ఈ శీర్షిక సగము స్థలము పోయినదని చదువరులు గ్రహించి యుందురు.

ఆ గిటారు నేను ఏలూరులో చదువుకొను దినములలో మద్రాసునుండి సెకండ్‌హ్యాండున తెప్పించినది. ఒక వర్షాకాలమున దాని బ్రిడ్జి పికప్ మూగపోయెను; చెమ్మకు లోపలి తీగ ఎక్కడనో తెగినది. వేఱొకటి కొనుటకు ఊరిలో దొరకదు, దొరికినను నాయొద్ద డబ్బు లేదు. అందుచే దానిని రుమాలులో మూటగట్టుకొని పవర్‌పేటలో మోటారు వైండింగ్ చేయు ఒక మేస్త్రీ దుకాణమునకు పోతిని. గుమ్మము బయట ఎండలో వార్నిష్ ఆరుచున్న స్టేటర్లు వరుసగా బోర్లించి యుండెను. లోపల ఆ వార్నిష్ ఘాటును లంకపొగాకు చుట్ట ఘాటును పెనవైచుకొని మూడవదేదో వాసన యైనది. నేటికిని ఆ వాసన తగిలినచో నాకు గిటారే గుర్తుకు వచ్చును.

మేస్త్రీ పికప్‌ను అటునిటు త్రిప్పి చూచెను.

"ఏ మోటారుదండీ ఇది?"

"మోటారు కాదండీ, గిటారుది."

"గిటారుకి వైండింగేంటండీ! సరే గానీ, లోడెంత?"

నాకు నవ్వు వచ్చెను. దీనికి లోడు ఉండదని చెప్పితిని.

"లోడు తెలియకుండా ఎలా చుట్టేదండీ? ఏ పని మీదకో చెప్పాలి గదా," అని ఆయన చుట్ట మరల వెలిగించుకొనెను. ఆ ప్రశ్నకు నేను బదులు చెప్పిన జ్ఞాపకము లేదు.

పాత తీగ ముక్కను స్క్రూగేజిలో బిగించి చూచి ఆయన నిట్టూర్చెను. అమెరికా లెక్కన 42 గేజు అనబడు ఆ తీగ మన బజారు ఎస్.డబ్ల్యు.జి. లెక్కన ఇంచుమించు 46. మందము మిల్లీమీటరులో పదునాఱవ వంతు. ఫ్యాన్లకు 34, 36 గేజులు చుట్టు చేతులకు అది తలవెండ్రుకతో పేనిన బుట్ట పని. బెజవాడనుండి ఒక రీలు తెప్పించిన మూడవనాడు నన్ను ఎదుట కూర్చుండబెట్టుకొని మొదలుపెట్టెను. ముందు ఫ్యాను కట్టివేయించెను, గాలికి తీగ తెగునని. పిదప నోటిలోని చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకొనెను. కుడిచేత మర పిడి త్రిప్పుచు, ఎడమచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ముఖమల్ గుడ్డముక్కలో తీగను జాఱనిచ్చుచు, గుడ్డ వేడెక్కినపుడెల్ల ఒక క్షణమాగి, ఆయన చుట్టుచుండగా ఆ దుకాణమున మర మీటరు టక్కుటక్కు తప్ప వేఱు చప్పుడు లేదు. రెండు మార్లు తెగెను. రెండు మార్లును ఒక మాటయు అనక మొదటికి వచ్చెను.

మొదటి చుట్ట అయిదువేల చుట్లతో లెక్కకు ముగిసెను. రెండవది నాలుగువేలు దాటిన పిమ్మట ఎవరో రైతు పంపుసెట్టు కాలిపోయినదని కేకలు వేయుచు లోపలికి వచ్చెను. ఆ సందడిలో మీటరు పండ్లచక్రము జాఱినది. మేస్త్రీ మీటరు వంక చూచెను, బాబిను వంక చూచెను, రైతు వంక చూచెను. తిరిగి పిడి పట్టి కంటి అంచనాతో నింపివైచెను.

"నిండిందండీ. నిండాక ఇంకేం లెక్క?"

ఆ యిరుచుట్టలు, ఒకటి 3.6, రెండవది 4.1 కిలో ఓములు తేలినవి. ఇంటికి తెచ్చి నేనే టంకము వేసితిని. తీగ పలుకు నీరసించి, రొద రెట్టింపైనది! పరుగున పోయి చెప్పగా ఆయన తలయెత్తకయే, "కొసకి మొదలు కలిపుంటారు. కొసకి కొస కలపండి," అనెను. పికప్‌ను ఎన్నడును చూడని మనిషి, వినకయే చెప్పెను. అట్లే చేసితిని, పలికినది. వార్నిష్‌లో ముంచి ఇచ్చెదనన్నను నేను ఒప్పుకొనక, వేడినీళ్ళ గిన్నెలో మఱొక గిన్నె పెట్టి కొవ్వొత్తుల మైనము కరగించి దానిలో నానబెట్టితిని. లేనిచో చుట్టలోని తీగలు సందులలో అదరి ఆంప్ పెంచినపుడు కీచుమనును.

చాలకాలము తరువాత చదివి తెలిసికొన్న దేమనగా, కలమజూలో గూడ ఆనాటి చుట్టు యంత్రములకు లెక్క పూర్తికాగానే తమంత తాము ఆగు ఏర్పాటు లేకుండెను. అందుచేతనే ఒక పి.ఎ.ఎఫ్.కు మఱొకటి పోలదు. ఒక చుట్ట బలిసి మఱొకటి చిక్కి, కావడి కొంచెము ఒఱగి, ఆ ఒఱగిన మేర రొద అణగక పోయినను పైస్థాయి కొంత విచ్చుకొనును. నేడు ఆ లెక్కతప్పును లెక్కపెట్టి మరీ చుట్టి అధిక ధరల కమ్ముచున్నారు. పవర్‌పేటలో నాకది పంపుసెట్టు కాలుటవలన ఉచితముగా దొరికెను.

ఇంతకాలము ఈ శీర్షికలో నేను చేసిన వాదములకెల్ల ఆ పికప్పే మూలధనము. తక్కువ చుట్టు, సాదా అయస్కాంతము, తీగకు తగిన ఎడము: ఇవి చాలునని, తీగను తన పలుకు తాను పలుకనిచ్చుటయే పికప్ ధర్మమని, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంటతీగలు మాని అయిదు ఒంటితీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకమును నిలిపినది బలముచేత కాదు, నిలకడచేతనని, ఎన్ని వారములు వ్రాసితినో!

ఆ సాయంకాలము వాని గిటారు నిజముగనే బాగుండెను. ఎడము పెరుగుటతో బురద తేరి, తీగకు తీగ విడిగా వినబడెను. "బావుంది మావయ్యా," అనెను వాడు. కాగితము మడిచి జేబులో పెట్టుకొనెనే గాని చింపలేదు.

శుక్రవారము రాత్రి గన్నవరము దారిలో ఒక ఫంక్షన్ హాలున వాని ఆర్కెస్ట్రా. పెండ్లికొడుకువారు మాకును ఎఱుకయైనవారే గనుక పోతిని. వెనుక జనరేటరు, ముందు రంగులు మార్చు దీపములు, ఎడమన కీబోర్డులు రెండు, కుడిన ప్యాడ్లు, నడుమ భోజనముల బంతికి పిలుచు కేకలు. పాటలో గిటారు ఒంటరిగా పలుకవలసిన చోటు వచ్చెను. వాని వ్రేళ్ళు కదలుచున్నవి, ఏమియు వినరాలేదు. క్రింద కీబోర్డు, పైన ప్యాడు, రెంటి నడుమ నేను తేర్చిన స్వచ్ఛధ్వని పప్పులో నేతిచుక్క వలె కరగిపోయినది. మైకుసెట్టు కుఱ్ఱవాడు "గిటారు లెవెల్ రావట్లేదన్నా!" అని అఱచి ఫేడరు పైకి నెట్టెను. పాటకన్న ముందు దీపముల గరగర పైకి వచ్చినది. ఆ గరగరను హంబకరు ఆపజాలదు. అది చుట్టల గుండ వచ్చునది కాదు, ఇరువదడుగుల కేబులు గుండను మిక్సరు గుండను దూరునది. దానిపై గెలుచుటకు ఒక దారి, పికప్‌నుండియే పలుకు బలముగా బయలుదేరుట.

అనగా జె.బి. వంటిది. దాని బలమంతయు నడిమి స్థాయికి కొంచెము పైన, సరిగా కీబోర్డును ప్యాడును విడిచిపెట్టిన సందులో నుండును. వాడు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టిన అంకె చెప్పినది అది కాదు, కాని వాడు కోరినది అదియే. ఇంతసేపు వాడు ఎక్కడ వాయించునో నేను అడుగనే లేదు. పీటవేసి ఓముల పురాణము మాత్రము చెప్పితిని.

ఆదివారము వాడు మరల వచ్చునప్పటికి నేనే ఆ కాగితము అడిగి తీసికొని, క్రింద వ్రాసి యిచ్చితిని: బ్రిడ్జి దగ్గఱ మొదటి తీగకును ఆఱవ తీగకును నడుమ దూరము కొలుచుకొనుము, 49 మిల్లీమీటర్లదియు 53 మిల్లీమీటర్లదియు వేఱువేఱుగా నమ్ముదురు, గుబ్బల క్రింది పాట్లు 500 కే ఉన్నవో 250 ఉన్నవో మూత తీసి చూడుము, 250 అయినచో ఎంత మంచి హంబకరైనను కంబళి కప్పినట్లుండును, పికప్ నుండి వచ్చు నాలుగు తీగల రంగులు ఒక్కొక్క తయారీదారునికి ఒక్కొక్క విధముగా నుండును, ఊహించి టంకము వేయకుము.

వాడు చదివి, నా పాత గిటారు వంక చూచెను.

"మావయ్యా, నెక్ దగ్గర తీగలు ఎక్కువ ఊగుతాయి కదా, అక్కడ ఇంత బలం అక్కర్లేదు. మెలొడీలకి మెత్తగా ఉంటే చాలు. నీ మేస్త్రీది ఇస్తావా?"

చెప్పినది అక్షరాల సత్యము. ఆ వాక్యము వానికి నేర్పినవాడను నేనే. ఆలోచించి చెప్పెదనంటిని, ఈలోపల సోల్డరింగ్ ఐరన్ మాత్రము నాది వాడుకొమ్మంటిని.