ఉక్కు ప్రతీకగా మిగిలినప్పుడు

హెవీ మెటల్ పేరెత్తగానే మనలో రెండు రకాల తీర్పులు వినిపిస్తాయి. పెట్టుబడిదారీ సమాజపు క్షీణ సంస్కృతిలో పుట్టిన వెర్రికేకలని ఒక తీర్పు. కార్మికవాడల్లో పుట్టింది కాబట్టి శ్రామికవర్గ సంగీతమేనని మరొక తీర్పు. మొదటిది వినకుండా చెప్పే తీర్పు. రెండవది పుట్టుక మాత్రమే చూసి చెప్పే తీర్పు. ఒక కళారూపం ఏ శ్రమ నుంచి పుట్టింది, ఆ శ్రమ జ్ఞాపకాన్ని ఎంతదూరం మోయగలిగింది అనే అసలు ప్రశ్నను రెండూ దాటవేస్తాయి. ఇంగ్లండుకు చెందిన జూడాస్ ప్రీస్ట్ బృందం 1980లో విడుదల చేసిన 'బ్రిటిష్ స్టీల్', 2024 మార్చి 8న విడుదల చేసిన 'ఇన్‌విన్సిబుల్ షీల్డ్' అనే రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టి వింటే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. మొదటి పేరుకు బ్రిటిష్ ఉక్కు అని, రెండవ పేరుకు అజేయమైన డాలు అని అర్థం. ఉక్కు డాలుగా ఎలా మారిందన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న బర్మింగ్‌హామ్ నగరం, దానిని ఆనుకొని ఉన్న 'బ్లాక్ కంట్రీ' ప్రాంతం బొగ్గుకు, ఇనుముకు, పోతపనికి పేరుపడ్డవి. పొగతో, మసితో నల్లబడడంవల్లనే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చిందంటారు. హెవీ మెటల్‌కు ఆద్యులుగా చెప్పుకునే బ్లాక్ సాబత్ బృందం బర్మింగ్‌హామ్‌దే. ఆ బృందపు గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, యంత్రంలో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు వాడాడు. తరువాత ఆ తీగల బిగువు సడలించి శ్రుతి తగ్గించాడు. ఆ సంగీతానికి అంత బరువైన మంద్రధ్వని రావడానికి ఆ గాయం కూడా ఒక కారణం. అంటే పాట వస్తువులో కనిపించని ఫ్యాక్టరీ ఇక్కడ నాదంలో ఉన్నదన్నమాట.

జూడాస్ ప్రీస్ట్ 1969లో ఆ పరిసరాల్లోనే ఏర్పడింది. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ వాల్సాల్‌లో పెరిగినవాడు. బడికి పోయే దారిలో ఇనుప కర్మాగారపు పొగ పీలుస్తూ నడిచిన బాల్యాన్ని 2020లో వెలువడిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. గిటారు వాద్యకారుడు గ్లెన్ టిప్టన్ కొంతకాలం బ్రిటిష్ స్టీల్‌లో పనిచేసినవాడు.

బ్రిటిష్ మార్క్సిస్టు విమర్శకుడు క్రిస్టఫర్ కాడ్వెల్ 1937లో వెలువడిన 'ఇల్యూజన్ అండ్ రియాలిటీ' గ్రంథంలో కవిత్వానికి మూలం సమష్టి శ్రమలో ఉందని వాదించాడు. నాట్లపాటలు, దంపుళ్ళ పాటలు తెలిసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. అయితే పొలంలో లయను నిర్ణయించేది పనిచేసే మనుషులు. వాళ్ళు అలిసిపోతే పాట నెమ్మదిస్తుంది, పాటతోపాటు చెయ్యీ నెమ్మదిస్తుంది. ఫ్యాక్టరీలో లయ యంత్రానిది, ఆ యంత్రపు వేగం యజమానిది. ఆ హోరులో కార్మికుడు పాడినా పక్కవాడికి వినబడదు. హెవీ మెటల్ సాధించినదేమిటో ఇక్కడే గుర్తించాలి. పగలంతా తండ్రులను తోలిన ఆ యంత్రలయను రాత్రిపూట కొడుకులు తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఒకే స్వరవరుసను ఆపకుండా తిప్పి తిప్పి వాయించే పద్ధతి దానినుంచి వచ్చినదే. జూడాస్ ప్రీస్ట్ దీనికి రెండు గిటార్ల జోడింపును ప్రత్యేకతగా చేసుకుంది. కొలిమి దగ్గర ఇద్దరు సమ్మెట వేసేటప్పుడు ఒకరి దెబ్బ వెంట మరొకరి దెబ్బ గతి తప్పకుండా పడాలి. టిప్టన్, కె.కె. డౌనింగ్‌ల వాద్యంలో వినిపించేది అటువంటి పొందిక. దీనిని వెర్రికేక అనేవారు ఆ క్రమశిక్షణను వినలేదనే చెప్పాలి.

ఇక 'బ్రిటిష్ స్టీల్' ఆల్బమ్ తయారైన సమయం గమనించదగ్గది. ఆ పేరు అప్పటి ప్రభుత్వరంగ ఉక్కు సంస్థ పేరు కూడా. ధరలు ఏడాదికి 15 శాతానికి మించి పెరుగుతున్న రోజుల్లో ఆ సంస్థ కార్మికులకు 2 శాతం వేతన పెంపు ఇవ్వజూపింది. 1980 జనవరి 2న ఉక్కు కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. ఏప్రిల్ 3న సమ్మె ముగిసింది. ఈ పాటల రికార్డింగు సరిగ్గా ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే జరిగింది. సమ్మె ముగిసిన 11 రోజులకు, ఏప్రిల్ 14న, ఆల్బమ్ విడుదలైంది. అట్ట మీద వేళ్ళ మధ్య పట్టుకున్న ఒక రేజరు బ్లేడు ఉంటుంది.

ఆల్బమ్‌లో సమ్మె ప్రస్తావన లేదు. కానీ 'బ్రేకింగ్ ద లా' పాటలో పనిలేని యువకుడు ఉన్నాడు. తన బతుకు ఎవరికీ పట్టదని గ్రహించి చట్టాన్ని ధిక్కరిస్తాడు. 'యునైటెడ్' పాటలో కలిసి నిలబడదామనే సామూహిక స్వరం ఉంది. 'మెటల్ గాడ్స్' పాటలో మనుషుల మీద పెత్తనం చేసే లోహదేవతలు ఉన్నారు. ఆ దేవతల అడుగుల చప్పుడు కోసం చెంచాలు, ఫోర్కులు నిండిన ట్రేలను ఆడించారు. అద్దం పగిలే ధ్వని కోసం పాలసీసాలు పగలగొట్టారు. వంటింటి వస్తువులతో యంత్రయుగపు భయాన్ని వినిపించగలిగిన ఆ నేర్పు మామూలు నేర్పు కాదు.

ఈ ధిక్కారానికి ఉన్న పరిమితిని కూడా చెప్పక తప్పదు. నిరుద్యోగి ఒంటరిగానే చట్టాన్ని ఎదిరిస్తాడు. కలిసి నిలబడదామన్న పాటలో ఎవరికి ఎదురుగా, దేనికోసం అన్నది లేదు. ఆగ్రహం ఒక పాటలో, ఐక్యత మరొక పాటలో ఉండిపోయాయి. అవి రెండూ కలిసిన చోటు ఆ నెలల్లో ఉక్కు కర్మాగారాల గేట్ల ముందు ఉన్నది. అయినా శ్రోత చెవిలో ఉక్కు అనే మాటకు ఒక వాస్తవార్థం ఉండేది. ఆ మాట వినగానే తండ్రి షిఫ్టు, పొరుగింటివాని ఉద్యోగం, పత్రికలోని సమ్మె వార్త గుర్తుకు వచ్చేవి. పాట చెప్పకుండా వదిలినదాన్ని జీవితం పూరించింది.

ఆ తరువాత ఆ జీవితమే చెదిరిపోయింది. ఇంగ్లండు ఈశాన్యాన ఉన్న కాన్సెట్ ఉక్కు కర్మాగారం అదే 1980 సెప్టెంబరులో మూతపడింది. స్కాట్లండులోని రేవెన్స్‌క్రెయిగ్ 1992లో మూతపడింది. బర్మింగ్‌హామ్‌లోనే లాంగ్‌బ్రిడ్జి కార్ల ఫ్యాక్టరీ 2005లో కుప్పకూలి సుమారు 6,000 మంది ఉద్యోగాలు పోయాయి. యంత్రం ఆగిపోయింది, దాని లయ మాత్రం సంగీతంలో మిగిలింది.

'ఇన్‌విన్సిబుల్ షీల్డ్'ను ఈ నేపథ్యంలో వినాలి. బృందానికి ఇది 19వ స్టూడియో ఆల్బమ్. ఇందులో 11 పాటలున్నాయి. పనితనం విషయంలో లోపం చెప్పడానికి వీలులేదు. డౌనింగ్ స్థానంలో 2011లో చేరిన రిచీ ఫాక్‌నర్ ఆ పాత జోడింపును నిలబెట్టాడు. హాల్‌ఫర్డ్ కంఠం 72 ఏళ్ళ వయసులో కూడా తారస్థాయిని అందుకుంటుంది. టిప్టన్ తనకు పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నదని 2018లో వెల్లడించి, నిత్య ప్రదర్శనల నుంచి తప్పుకున్నాడు. అయినా ఈ ఆల్బమ్ తయారీలో పాలుపంచుకున్నాడు. వణికే చేతులతో తన వృత్తిని వదలని ఆ మనిషిలో శ్రమ పట్ల గౌరవం ఉంది.

వస్తువు మాటకొస్తే తేడా స్పష్టమవుతుంది. 'పానిక్ అటాక్' అనే తొలి పాట ఇంటర్నెట్ రేపుతున్న భయాందోళనల గురించినది. అందులో ఈ కాలపు స్పర్శ ఉంది. 'జెయంట్స్ ఇన్ ద స్కై' గతించిన తోటి కళాకారులకు నివాళి. అందులో ఆర్ద్రత ఉంది. మిగతా చోట్ల ఎక్కువగా కనిపించేవి సర్పాలు, రాజులు, నరకద్వారాలు, అగ్నిపరీక్షలు. ఇక్కడ లోహం ఎవరి చేతిలోనూ తయారు కాదు. అది ముందే సిద్ధమై ఉన్న డాలు. ఆ డాలు కాపాడేది పాత అభిమానుల బృందాన్ని, వారి విధేయతను. 1980 నాటి బ్లేడుకు పదును ఉండేది, 2024 నాటి డాలుకు మెరుపు ఉంది.

ఈ ఆల్బమ్ విడుదలైన ఏడాదిలోనే, సెప్టెంబరు 30న, వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేసును టాటా స్టీల్ ఆర్పివేసింది. వలసదేశంగా ఉండిన దేశపు పెట్టుబడి ఒకనాటి పాలకదేశపు కొలిమిని ఆర్పడం, పెట్టుబడికి స్వదేశం లేదనడానికి నిదర్శనం. అంతకుముందే సిద్ధమైన పాటలు దీని గురించి ఎందుకు చెప్పలేదని నిలదీయడం న్యాయం కాదు. కానీ నలభై ఏళ్ళుగా వరుసగా ఆరిపోయిన కొలిముల్లో ఒక్కటి కూడా ఈ లోహగానంలోకి ఎందుకు రాలేదని అడగవచ్చు. కారణం కళాకారుల దుర్బుద్ధి కాదు. ప్రతీక అలవాటైనకొద్దీ వస్తువును చూడవలసిన అవసరం తగ్గిపోతుంది. ఉక్కు అని పలికితే చాలు, శ్రోత పిడికిలి దానంతటదే లేస్తుంది.

ఈ మాట రాస్తున్నప్పుడు మన కవిత్వం గుర్తుకు రాక మానదు. సమ్మెట, కొలిమి, పిడికిలి, ఉక్కు సంకల్పం మన పద్యాల్లో ఎంతకాలం నుంచి తిరుగుతున్నాయో మనకు తెలుసు. విశాఖ ఉక్కు కోసం 1966లో జరిగిన ఉద్యమంలో ప్రాణాలు పోయాయి. ఆ కర్మాగారంలో ప్రభుత్వ వాటాలు పూర్తిగా అమ్మడానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు కార్మికులు మళ్ళీ శిబిరాలు వేసుకుని కూర్చున్నారు. మన కవులు వారికి మద్దతుగా రాశారు, అది అవసరమే. కానీ ఆ కవితల్లో నినాదం ఎంత, రాత్రిషిఫ్టు ఎంత? కాంట్రాక్టు కార్మికుని తీసివేత, భూమి ఇచ్చిన నిర్వాసితుని చేతిలో ఉద్యోగంగా మారకుండా మిగిలిన ఆర్-కార్డు ఎన్ని పద్యాల్లో వస్తువైనాయి? జూడాస్ ప్రీస్ట్‌ను అడిగిన ప్రశ్నను మనల్ని మనం అడగకపోతే ఆ విమర్శకు నైతికబలం ఉండదు.

కనుక ఈ సంగీతాన్ని తిరస్కరించనక్కరలేదు, దానికి వర్గ ధ్రువపత్రం ఇవ్వనూ అక్కరలేదు. శ్రమ ఒక రూపాన్ని ఎలా కంటుందో తెలుసుకోవడానికి 'బ్రిటిష్ స్టీల్' వినాలి. ఆ శ్రమతో సంబంధం తెగినా రూపం ఎంత దర్జాగా బతకగలదో తెలుసుకోవడానికి 'ఇన్‌విన్సిబుల్ షీల్డ్' వినాలి. ఈ రెండవ పాఠం మన యువకవులకు మరింత అవసరం.